ఎనిమిదో బాంబు

నా కథ అందరికీ ఏడో బాంబు దాకానే చెప్పాను. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఏ తెలుగువాణ్ణి అడిగినా చెప్తాడు, గూడ్సు డ్రైవరు త్రినాథరావు డెబ్భై ఒకటి యుద్ధంలో ఓడ చుక్కాని తిప్పినవాడని, వాళ్లింట్లో గోడకి నేవీవాళ్లిచ్చిన ప్రశంసాపత్రం ఉందని. ఏటా జనవరి ఇరవై ఆరుకి ఇన్‌స్టిట్యూట్ హాల్లో మనవాళ్లు నా భుజాల మీద శాలువా వేసి, మైకు చేతికిచ్చి, చెప్పవయ్యా అంటారు. నేనూ సిగ్గు లేకుండా చెప్తాను. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ ఏడు దాకా వచ్చి, "ఎనిమిదోదానికి మా కెప్టెన్ ఆర్డరు కాస్త లేటయింది, మావాళ్లు నలుగురు పోయారు" అని మైకు ఇచ్చీసి దిగిపోతాను. అందరూ చప్పట్లు కొడతారు. ముందు వరసలో బుజ్జమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. పోయిన నలుగురిలో ఒకడు ఆవిడ మొగుడు నూకరాజు.

నూకరాజుదీ నాదీ భీమిలి పక్కన ఒకటే ఊరు. ఇద్దరం ఒకే రోజు విశాఖపట్నం వెళ్లి నేవీలో చేరాం. వాడికి తుపాకులిచ్చారు, నాకు చుక్కానిచ్చారు. బుజ్జమ్మని వాడికి ఇచ్చి చేసినప్పుడు పందిట్లో వడ్డించినవాణ్ణి నేను. అప్పట్నించీ నన్ను అన్నయ్యా అంటుంది. ఈ ఇరవై ఏళ్లూ అలా పిలిపించుకుంటూనే ఉన్నాను.

మా ఓడ పేరెందుకులెండి. బ్రిటిషువాళ్లు వాడుకుని మనకిచ్చిన పాత యుద్ధనౌక, డిస్ట్రాయరు. కెప్టెన్ పేరు మాత్రం చెప్తాను, చంద్రమౌళి. కాకినాడ వైపు మనిషి. తెలుగువాడే గానీ ఓడలో ఇంగ్లీషు తప్ప ఇంకో ముక్క మాట్లాడగా ఎవరూ వినలేదు. బక్కపల్చటి మనిషి, గొంతు పెంచేవాడు కాదు. మాలాంటి నావికుడు ఎదురొస్తే పేరు పెట్టి పలకరించేవాడు. రెండొందల ముప్ఫై మంది పేర్లూ ఆయనకి తెలుసు.

డిసెంబరులో ఓ మధ్యాహ్నం, అరేబియా సముద్రంలో, శత్రువుల విమానాలొచ్చాయి. మమ్మల్ని కాసే విమానాలు దగ్గర్లో లేవు. అంతకు ముందురోజే కెప్టెన్ నన్ను పైకి పిలిచి చెప్పాడు. "చూడు, బాంబు విమానం కడుపులోంచి విడిపోయేదాకా నేను నోరు తెరవను. ముందే తిరిగితే పైవాడు సర్దుకుని మళ్లీ మన మీదికే గురిపెడతాడు. బాంబు విడిపోయాక వాడేం చెయ్యలేడు. ఇక మిగిలేది కొద్ది సెకన్లు. అందుచేత నా నోటికీ నీ చేతికీ మధ్య ఆలస్యం ఉండకూడదు." ఆయన అన్నదంతా ఇంగ్లీషులోనే. నేను ఎస్ సార్ అన్నాను.

చుక్కాని చక్రం ఉండే గది, కెప్టెన్ నిలబడి ఓడ నడిపించే బ్రిడ్జికి కింద ఉంటుంది. యుద్ధమప్పుడు కిటికీలకి ఇనప మూతలేస్తారు. ఆకాశం కనపడదు, సముద్రం కనపడదు. పైనుంచి ఓ ఇత్తడి గొట్టం దిగుతుంది, అందులోంచి కెప్టెన్ మాట వస్తుంది. పద్ధతేటంటే, ఆయన "పోర్ట్ థర్టీ" అంటే ఎడమకి ముప్ఫై డిగ్రీలు అని. నేను "పోర్ట్ థర్టీ సార్" అని తిరిగి అనాలి. చక్రం తిప్పాలి. చుక్కాని ఎటుందో చూపించే ముల్లు ముప్ఫై మీదికి వచ్చాక "థర్టీ పెట్టాను సార్" అని చెప్పాలి. నిద్రలో లేపి అడిగినా నోటికి వచ్చీసేంతగా నేర్పిస్తారు. ఆ నేర్పడమే నా కొంప ముంచింది.

ఆయన పైన కప్పులేని బ్రిడ్జి మీద నిలబడ్డాడు. ఇనప టోపీ తీసి పక్కన పెట్టీసాట్ట, పైకి చూడ్డానికి అడ్డొస్తోందని. విమానాలు దూకుతుంటే పక్కనున్నవాళ్లు వంగి కూర్చున్నారట. ఈయన మాత్రం తల పైకెత్తి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మీదికొస్తున్నదాన్ని చూస్తూ ఆగాడు. విమానం ముక్కు మన ముక్కు మీదికి వస్తూంటే నోరు మూసుకుని ఆగడం ఎంత కష్టమో నాకిప్పుడు తెలుసు. అప్పుడు తెలీదు. మాట వచ్చేది, నేను తిప్పేవాణ్ణి, ఓడ ఒక పక్కకి ఒరిగిపోయేది, అవతల పక్క నీళ్లలో బాంబు పేలేది. అలా ఏడు. మధ్యమధ్యలో మామూలు గొంతుతో "గుడ్" అనేవాడు.

ఏడోది బాగా దగ్గర్లో పడింది. గదిలో దీపాలు ఆరిపోయి మళ్లీ వెలిగాయి. నాతోపాటు ఇంజను ఆర్డర్లు చూసే మరాఠీ ఆయన ఎగిరి గోడకి కొట్టుకుని స్పృహ తప్పిపోయాడు. ఆయన తల కింద నెత్తురు చూశాను. అంతే. నేల మీదికి జారిపోయి, ముడుచుకుని, రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాను. అప్పుడే గొట్టంలోంచి మాట వచ్చింది, పోర్ట్ థర్టీ అని.

నేల మీదినుంచే నా నోరు "పోర్ట్ థర్టీ సార్" అంది. నేను లేవలేదు. కొంచెం ఆగి నా నోరే మళ్లీ "థర్టీ పెట్టాను సార్" అంది. చక్రం ఎక్కడిదక్కడే ఉంది. ఓడ తిన్నగా పోయింది. ఎనిమిదో బాంబు వెనక తుపాకి పక్కన పడింది.

వెనక తుపాకి దగ్గర నూకరాజు ఉన్నాడు.

తర్వాత జరిగింది ఇరవై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. గొట్టంలో కాసేపు ఏమీ వినపడలేదు. ఆ తర్వాత కెప్టెన్ గొంతు వచ్చింది. తెలుగులో వచ్చింది. "అబ్బాయ్ త్రినాథ్, ఇందాక ఆర్డరు నేను ఆలస్యంగా ఇచ్చాను. తప్పు నాది. నువ్వు బాగానే చేస్తున్నావు. మళ్లీ వస్తున్నాయి, ఈసారి టైముకి చెప్తాను." మా అమ్మ పిలిచినట్టు అనిపించి లేచాను. చక్రం పట్టుకున్నాను. ఇంకా ఐదు వచ్చాయి. ఐదింటికీ తిప్పాను. వెనకవైపు మంటలు, అడుగున నీళ్లు, అయినా ఓడని బొంబాయి చేర్చాడాయన. మూడు రాత్రులు బ్రిడ్జి దిగలేదు.

బొంబాయిలో విచారణ పెట్టారు. నా ఆర్డరే ఆలస్యమైందని కెప్టెన్ రాసిచ్చాడు. నన్నూ పిలిచారు. ఆర్డరు అందగానే చుక్కాని తిప్పావా అని అడిగారు. తిప్పాను సార్ అన్నాను. ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు, నా వైపు చూడలేదు. నాకు ప్రశంసాపత్రం వచ్చింది. ఆయన అడ్మిరల్ అవుతాడనుకున్నారు, అవలేదు. కెప్టెన్‌గానే ఇంటికెళ్లాడు. ఆయనకి నిజంగా తెలీదేమో, తనే లేటు చేశాననుకున్నాడేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇరవై ఏళ్లు ఆ ఒక్క మాట పట్టుకుని వేళ్లాడాను.

ఇంతటితో అయిపోతే అదో రకం. ఫిబ్రవరిలో సెలవు మీద ఊరెళ్లాను. బుజ్జమ్మ ఏడో నెల కడుపుతో ఉంది. కెప్టెన్ దగ్గర్నించి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది, చదివి చెప్పేవాడు లేడు. అన్నయ్య వచ్చాడు, అన్నయ్య చదువుతాడంది. చదివి తెలుగులో చెప్పాను. నీ భర్త మరణానికి బాధ్యుణ్ణి నేను, నా ఆర్డరు ఆలస్యమైంది, నన్ను క్షమించమని అడిగే అర్హత కూడా నాకు లేదు అని.

బుజ్జమ్మ గోడకి చేరబడి విన్నది. "అయితే ఆడు నోరు తెరవడానికి ఆలీసం సేసినాడు, నా మొగుడు సచ్చిపోనాడు. అంతేనా అన్నయ్యా?"

అంతే అన్నాను.

"అయితే నువ్వు రాయి. నాను సెప్తాను."

చెప్పింది. ఆ మాటలిక్కడ రాయలేను. కడుపుతో ఉన్న ఆడది, మొగుడి శవం కూడా చూడనిది, ఎంత శపించగలదో అంతా శపించింది. నేను ఆపలేదు. ఒక్క మాట పోకుండా తెలుగులో రాసి, కింద ఆవిడ వేలిముద్ర వేయించి, కవరు మీద ఇంగ్లీషులో అడ్రసు రాసి, భీమిలి పోస్టాఫీసు డబ్బాలో వేసీసాను. అది చదివేవాడు నన్ను కాపాడినవాడని నాకు తెలుసు. తెలిసే వేశాను.

బుజ్జమ్మ అన్న గోవిందరావు బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టరు. పురుడయ్యాక ఆవిణ్ణీ పిల్లనీ తెచ్చుకున్నాడు, రైల్వే ఆసుపత్రిలో ఆయా ఉద్యోగం వేయించాడు. నేను నేవీ వదిలి రైల్వేలో చేరినప్పుడు కావాలని బిలాస్‌పూర్ అడిగాను. మనవాళ్లున్న ఊరు కదా అని మా ఆవిడకి చెప్పాను. ఆ పిల్ల మాధవీలతని నా సైకిలు మీదే బడికి దింపేవాణ్ణి. ఫీజు ఫారాలు, రేషన్ కార్డు, రతన్‌పూర్ మహామాయ గుడి దగ్గర చెవులు కుట్టించడం, అన్నిట్లోనూ నేనే. మావయ్యా మావయ్యా అని నా వెనకే తిరిగేది. నా పెళ్లాం పిల్లల కంటే ముందు వాళ్లకి చేశాను. ఎంత చేసినా రాత్రి పక్క మీద పడుకుంటే నేల మీద ముడుచుకున్నట్టే ఉండేది.

నాకు కోపం ఎక్కువని షెడ్డంతా అంటారు. ఇంజన్లో డ్రైవరూ అసిస్టెంటూ సిగ్నల్ కనపడగానే ఇద్దరూ పైకి అనాలి, పచ్చ అనో ఎరుపు అనో. ఒకడు చాంపా స్టేషను దాటాక సిగ్నల్ వైపు తల తిప్పకుండానే, బీడీ వెలిగించుకుంటూ, పచ్చ అన్నాడు. నిజంగానే పచ్చ. అయినా వాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, తర్వాతి స్టేషన్లో దింపీసి, నాకొద్దని రాసిచ్చాను. పెద్దాఫీసులో సంజాయిషీ అడిగారు. చూడకుండా నోటితో అనేవాడు మనుషుల్ని చంపుతాడు సార్ అన్నాను. ఆ మాట ఎవరి గురించి అన్నానో వాళ్లకేం తెలుసు.

మొన్న డిసెంబరులో మాధవి వచ్చి, "మావయ్యా, అమ్మ బులాతోంది, నువ్వు ఇంటికి రా, ఏదో చిట్ఠీ వచ్చింది, తెలుగులో ఉంది, నాకు చదవడం రాదు" అంది. ఆ పిల్ల కాలేజీలో బీయెస్సీ చదువుతోంది గానీ తెలుగక్షరాలు రావు, హిందీ బళ్లో పెరిగింది. వెళ్లాను. కెప్టెన్ ఉత్తరం. ఇరవై ఏళ్ల తర్వాత, ఈసారి తెలుగులో. నేవీ పెన్షనాఫీసులో నీ అడ్రసు తీసుకున్నాను, నాకు గుండె ఆపరేషన్ చెయ్యాలమ్మా, ఇక్కడ కలకత్తా నుంచి బొంబాయి వెళ్తున్నాను, మళ్లీ తిరిగొస్తానో లేదో, పధ్నాలుగో తేదీ పొద్దున బొంబాయి మెయిల్లో మీ ఊరి మీదుగా వెళ్తాను, ఒక్కసారి స్టేషనుకి వస్తే చేతులెత్తి దణ్ణం పెట్టుకుంటాను, రాకపోయినా తప్పు లేదు అని.

నేను పైకి చదువుతూ "పదహారో తేదీ" అన్నాను. అవును, అన్నాను. రెండు రోజులు తప్పిస్తే బండి వెళ్లిపోతుంది, ఆయనా వెళ్లిపోతాడు, నా గొడవ వదిలిపోతుంది.

మాధవి నా భుజం మీదినుంచి చూస్తోంది. "మావయ్యా, ఇక్కడ ఫోర్టీన్ రాసుంది కదా?" అంది. అంకెలు ఇంగ్లీషువే.

కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. అవునమ్మా పధ్నాలుగే, చత్వారం వచ్చీసింది అన్నాను. ఆ పిల్ల నవ్వింది. 

"ఎల్దాం" అంది బుజ్జమ్మ. "నువ్వు నా కూడా రా అన్నయ్యా. మా ఆయన ఫొటో ఆడి మొకం ముందు పెట్టి అడుగుతాను. నువ్వూ సూసినోడివే కదా, నా పక్కన నిలబడు."

మధ్యలో మూడు రోజులున్నాయి. ఎలాగైనా చెప్పీయాలనుకున్నాను. ఒకరోజు రాయ్‌గఢ్ డ్యూటీ పడింది, దారంతా మాటలు పేర్చుకున్నాను. దిగి తిన్నగా వాళ్లింటికెళ్లాను. బుజ్జమ్మ నూకరాజు ఫొటో అద్దం తుడుస్తోంది. "తిన్నావా అన్నయ్యా?" అంది. తిన్నాను అని వచ్చీసాను. రెండో రోజు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మూడో రోజు అసలు వెళ్లలేదు, బుధవారీ బజార్లో అక్కర్లేని కూరలన్నీ కొనుక్కొచ్చి మా ఆవిడ చేత తిట్లు తిన్నాను. చెప్తే పోయేదేటి? ఒక్క పిలుపు పోతుంది. ఆ పిలుపు కోసం ఒక పెద్దమనిషి పరువు ఇరవై ఏళ్లు తాకట్టు పెట్టాను.

పధ్నాలుగో తేదీ మాధవికి ప్రాక్టికల్స్ ఉన్నాయి, రాలేదు. మేమిద్దరం రిక్షాలో వెళ్లాం. బుజ్జమ్మ ఉతికి గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుంది, ఫొటో తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.  చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. స్టేషను వచ్చీసింది, దిగాం.

మెయిలు గంట లేటుగా వచ్చింది. ఫస్టు క్లాసు పెట్టెలోంచి ఓ ముసలాయన కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు. అరవై దాటాయంతే, ఎనభై ఏళ్లవాడిలా ఉన్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "త్రినాథ్" అన్నాడు. నాకు తెలీకుండానే కాళ్లు దగ్గరికి చేర్చి నిటారుగా నిలబడ్డాను.

ఆయన బుజ్జమ్మకి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, నూకరాజు మంచి సైనికుడు. తప్పు నాది. ఈ మాట ఎదురుగా నిలబడి చెప్పాలని ఇన్నేళ్లు అనుకున్నాను" అన్నాడు.

బుజ్జమ్మ తువ్వాలు విప్పింది. ఫొటో ఆయన ముఖం ముందు పెట్టలేదు, చేతికిచ్చింది. ఆయన్ని చూశాక అంత కోపం నిలబెట్టుకోలేకపోయింది పాపం. "ఒక్కటే అడుగుతాను బాబూ. ఏడుసార్లు టయానికి సెప్పినారు కదా. ఎనిమిదోసారి ఎందుకు ఆలీసం సేసినారు? ఎటు సూస్తన్నారు?"

ఆయన ఫొటో పట్టుకుని తలొంచుకున్నాడు. "అలిసిపోయానమ్మా" అన్నాడు. ఇంకేం చెప్పగలడు, లేని తప్పుకి కారణం ఎక్కణ్ణించి తెస్తాడు?

ఆ మాట నేను భరించలేకపోయాను. "అబద్ధం" అన్నాను. గట్టిగానే అన్నాను, పక్కన సామాన్లు దింపుతున్న కూలీ ఇటు తిరిగాడు. "ఆర్డరు టైముకే ఇచ్చాడు బుజ్జమ్మా. చుక్కాని నేను తిప్పలేదు."

కెప్టెన్ వెంటనే అందుకున్నాడు. "అదేం లేదమ్మా. అతను నా కింద పనిచేసినవాడు, నా మీద అభిమానం కొద్దీ అంటున్నాడు."

బుజ్జమ్మ నా చెయ్యి పట్టుకుంది. "సూసినారా బాబూ, మా అన్నయ్య ఇలాటోడు. మీ ఆరోగ్యం బాగోలేదని తన మీద ఏసీసుకుంతన్నాడు" అంది. జాలిగా అంది, మెచ్చుకోలుగా అంది.

అక్కడితో ఊరుకుంటే ఇద్దరూ నన్ను దేవుణ్ణి చేసి వదిలేద్దురు. చెప్పానన్న తృప్తీ ఉండేది, పిలుపూ ఉండేది. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. బండి ఇంకా కదలడం లేదు, ఏదో పార్సిలు ఎక్కిస్తున్నారు.

"నేల మీద పడుకున్నాను" అన్నాను. "చేతులు తల మీద పెట్టుకుని ముడుచుకున్నాను. నోటితో తిప్పానని చెప్పాను. తిప్పలేదు. సార్, మీకు తెలుసా తెలీదా, ఇది ఒక్కటి చెప్పండి. అమ్మ ముందు చెప్పండి."

కెప్టెన్ ఫొటో తిరిగి ఆవిడ చేతికిచ్చాడు. తర్వాత బుజ్జమ్మకి చెప్పాడు, నాకు కాదు. "చుక్కాని ఎటుందో చూపించే ముల్లొకటి పైన నా పక్కనే ఉంటుందమ్మా. బాంబు పడ్డాక చూశాను. కదల్లేదు. అర్థమైంది. ఇంకో గుంపు విమానాలు తిరిగి వస్తున్నాయి. కింద చక్రం దగ్గర ఇరవై మూడేళ్లవాడు ఒక్కడే ఉన్నాడు, వాడి చేతుల్లో రెండొందల మంది ఉన్నారు. నీవల్ల నలుగురు పోయారని ఆ క్షణంలో అంటే వాడిక లేవడు. ఇంకొకణ్ణి కిందికి పంపే టైం లేదు. అందుకని తప్పు నాదన్నాను. అన్నాక అది నాదే. తర్వాత మార్చుకోవడానికి నాకు మనసొప్పలేదు."

"నా ఉత్తరం అందిందా బాబూ?" అంది బుజ్జమ్మ. 

"అందిందమ్మా."

"అది ఎవరు రాసినారో తెలిసిందా?"

ఆయన చూపు నా మీదికి వచ్చి పక్కకి తిరిగింది. కవరు మీద నా ఇంగ్లీషు రాత. ఓడలో డ్యూటీ పుస్తకంలో ఆయన రోజూ చూసిన రాత. బుజ్జమ్మ ఆయన ముఖం చూసి జవాబు తెలుసుకుంది. ప్లాట్‌ఫాం మీద అంతమంది మధ్య వంగి ఆయన కాళ్లు పట్టుకుంది. ఆయన వద్దమ్మా వద్దమ్మా అంటూ లేపబోయి ఆయాసపడ్డాడు. నేను ముందుకెళ్తే బుజ్జమ్మే నన్ను చేత్తో పక్కకి నెట్టి, ఆయన్ని మెట్ల దాకా నడిపించి ఎక్కించింది. బండి కదులుతుంటే ఆయన తలుపు దగ్గర నిలబడి నాతో అన్నాడు, "ఆ తర్వాత ఐదుసార్లు తిప్పావు త్రినాథ్. ఎవరికైనా చెప్తే అదీ కలిపి చెప్పు."

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ రిక్షా ఎక్కలేదు. నడిచింది. నేను పది అడుగుల వెనక నడిచాను. ఏదైనా అను బుజ్జమ్మా, తిట్టు, చెప్పు తీసి కొట్టు అన్నాను. వెనక్కి తిరగలేదు. క్వార్టరు గుమ్మంలో ఆగి అప్పుడంది, "లోపలికి రండి త్రినాథరావు గారూ."

పుట్టి బుద్ధెరిగాక నా నెత్తి మీద అంత బరువు ఎవరూ పెట్టలేదు. గారూ అంది. రండి అంది.

మాధవి అప్పుడే కాలేజీ నుంచి వచ్చి చేతులు కడుక్కుంటోంది. "అచ్ఛా, వచ్చీసారా? ఏం అన్నాడు మావయ్యా, కెప్టెన్? అమ్మ బాగా కడిగీసిందా?" అని నవ్వుతూ కుర్చీ లాగింది.

బుజ్జమ్మ కొంగుతో ఫొటో తుడిచి గోడకి తగిలించింది. "నాను సెప్పను. ఆయన్నే సెప్పమను. మొదట్నించీ సెప్పమను, మీ నాన్న ఎలా పోనాడో" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల గిన్నె చప్పుడు కూడా లేదు. వింటోంది.

నేను కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పాను. మైకులో చెప్పినట్టు కాదు, ఏడో బాంబు దగ్గర ఆపకుండా చెప్పాను. విచారణ చెప్పాను. ఉత్తరం చెప్పాను. పదహారో తేదీ అని ఎందుకు చదివానో చెప్పాను. తర్వాత ఐదుసార్లు తిప్పిన సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. మింగీసాను. ఆ పిల్ల తండ్రి కోసం ఒక్కసారి తిప్పనివాణ్ణి, ఆ ఐదూ ఈ పిల్లకెందుకు?

మాధవి ముఖంలోంచి నవ్వు మెల్లగా పోయింది. ఏడవలేదు. తడిచేతులు అలాగే ముందుకు పట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"అప్పుడు మీరు కింద పడుకుని ఉన్నారు" అంది.

"అవునమ్మా."

"మా నాన్న?"

వెనక తుపాకి దగ్గర పనిచేసి బతికి బయటపడ్డవాళ్లు చెప్పగా నాకు తెలుసు. ఇరవై ఏళ్లుగా తెలుసు, ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు.

"నిలబడే ఉన్నాడమ్మా" అన్నాను. "బాంబు మీదికి వస్తూంటే కూడా తుపాకి వదల్లేదు. ఓడ తిరుగుతుందనుకున్నాడు."